రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్, చుక్కల రెక్కల దోమ

సెలవులొస్తే మన విజయవాడ కుటుంబాలు ఊరికే ఇంట్లో కూర్చోవు. భవానీ ద్వీపమో, కొండపల్లి ఖిల్లానో, కాస్త ఓపికుంటే బందరు దాటి మంగినపూడి బీచో. బిర్యానీ డేక్సా, దస్తర్‌ఖాన్, చాపలు, నీళ్ల సీసాలు, పిల్లల బంతి అన్నీ సర్దుకుంటాం. దోమ సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. మగ్రిబ్ వేళకు నీటి గట్టున చాప పరిచాక అదే గుర్తు చేస్తుంది.

కృష్ణా డెల్టా అంటేనే నీళ్లు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. అప్పటినుంచి కాలువలు, వరి చేలు, చెరువులే మన బతుకు. విజయవాడ ఊరి మధ్య నుంచే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ పారుతున్నాయి. నీళ్లున్న చోట దోమ తప్పదు. దాన్ని తప్పించుకోవాలంటే ముందు అది ఎలాంటిదో, ఎక్కడ పుడుతుందో, ఎప్పుడు కుడుతుందో తెలియాలి. ఆ సంగతి లోకానికి తెలియడానికి దారి వేసినది మన సికింద్రాబాద్‌లోనే. కనిపెట్టిన డాక్టరు రొనాల్డ్ రాస్. ఆయన పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ పనికి తన చెయ్యి చాపి రక్తమిచ్చిన హుసేన్ ఖాన్ పేరు మాత్రం మన ఇళ్లలోనే చాలామందికి తెలియదు.

కవి కావాలనుకున్న కుర్రాడు

రాస్ 1857 మే 13న హిమాలయాల ఒడిలోని అల్మోరాలో పుట్టారు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులే అయింది. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి, తర్వాత జనరల్ అయ్యారు. ఎనిమిదేళ్ల వయసులో పిల్లాణ్ని చదువుకోసం ఇంగ్లండ్ పంపించేశారు.

కుర్రాడికి డాక్టరీ మీద మనసే లేదు. బొమ్మలు వేయాలి, కవిత్వం రాయాలి, సంగీతం కట్టాలి, ఇదీ ఆయన ఆశ. తండ్రి ఒప్పుకోలేదు. 1874లో లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో వైద్య విద్యకు చేర్పించారు. ఏదో చదివాం అనిపించుకున్నారు. కొన్నాళ్లు ఓడల మీద డాక్టరుగా పనిచేసి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మళ్లీ ఈ దేశానికే వచ్చారు. మద్రాసు, బెంగళూరు, బర్మా, అండమాన్... ఎక్కడ వేస్తే అక్కడికి వెళ్లారు. తీరిక దొరికితే పద్యాలు, నవలలు రాసుకునేవారు, లెక్కలు చేసుకునేవారు.

బెంగళూరు బంగళాలో తొట్టి

1883లో బెంగళూరులో ఉన్నప్పటి ముచ్చట ఇది. ఉండడానికి మంచి బంగళా ఇచ్చారు. ఒకటే బాధ, గది నిండా దోమలు. ఎక్కడినుంచి వస్తున్నాయా అని వెతికితే కిటికీ బయట నీళ్ల తొట్టి కనిపించింది. అందులో తోకాడిస్తూ ఎగిరిపడే పురుగులు బిలబిలమంటున్నాయి. దోమ పిల్లలవి. తొట్టి బోర్లించారు. దోమలు బాగా తగ్గిపోయాయి.

అప్పటికి దోమకూ జ్వరానికీ సంబంధం ఉందని రాస్‌కు తెలియదు. కుట్టే బాధ తప్పితే చాలనుకున్నారు. అధికారుల భోజనశాలలోనూ ఇలాగే తొట్లు ఖాళీ చేద్దామంటే పైవాళ్లు పట్టించుకోలేదు. కానీ ఆ తొట్టి పాఠం ఆయన మనసులో ఉండిపోయింది. దోమను గాలిలో తరమడం కంటే నీటిలోనే పట్టుకోవడం తేలిక. ముందు ముందు ఆయన ప్రపంచమంతా తిరిగి చెప్పింది ఈ ఒక్క మాటే.

తప్పు దోమల వెంట రెండేళ్లు

ఆ రోజుల్లో మలేరియా అంటే చెడుగాలి వల్ల వచ్చే జబ్బని అందరి నమ్మకం. ఆ పేరుకు అర్థమే చెడుగాలి. బురద నేలల మీదుగా వీచే గాలి తగిలితే చలిజ్వరం వస్తుందనేవారు. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక డాక్టరు అల్జీరియాలో రోగుల రక్తంలో ఒక సూక్ష్మజీవిని చూశారు. జ్వరానికి కారణం అదేనని తేలింది. మరి అది ఒకరి ఒంట్లోంచి ఇంకొకరి ఒంట్లోకి ఎలా వెళ్తోంది? అది ఎవరికీ అంతుపట్టలేదు.

1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు రాస్‌కు పాట్రిక్ మాన్సన్ పరిచయమయ్యారు. మాన్సన్ 1877లోనే చైనాలో పనిచేస్తూ, బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని చూపించిన మనిషి. బోదకాలు అంటే మన గోదావరి, కృష్ణా జిల్లాల పెద్దవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మలేరియా కూడా దోమతోనే వస్తుండొచ్చని మాన్సన్ అనుమానం. ఆ అనుమానాన్ని వెంటబెట్టుకుని రాస్ 1895లో సికింద్రాబాద్ చేరారు.

జ్వరంతో ఉన్న అబ్దుల్ ఖాదిర్ అనే రోగి మీద దోమలను వదిలి, రక్తం తాగిన దోమలను కోసి మైక్రోస్కోప్ కింద చూడడం మొదలుపెట్టారు. దోమలు చచ్చిపడిన నీళ్లు తాగితే జబ్బు వస్తుందేమోనని, ఒప్పుకున్న మనుషులకు డబ్బిచ్చి ఆ నీళ్లు కూడా తాగించి చూశారు. ఈ రోజుల్లో ఏ ఆసుపత్రీ అలాంటి పని చెయ్యనివ్వదు. ఏదీ తేలలేదు. ఈలోగా కలరా పని మీద బెంగళూరు రమ్మన్నారు. దోమల పని మధ్యలో ఆగింది.

తేలకపోవడానికి అసలు కారణం వేరే ఉంది. ఆయన చేతికి తేలిగ్గా దొరికినవి రెండు రకాలు. ఒకటి బూడిద రంగు దోమ, రెండోది చారల దోమ. ఇప్పుడు వాటిని క్యూలెక్స్, ఈడిస్ అంటున్నాం. మనిషి మలేరియా ఈ రెండిటిలోనూ పెరగదు. వందల దోమలు కోశారు, కానీ అవి కావలసిన దోమలు కావు.

కొండల్లో పట్టుకున్న జ్వరం

1897 వేసవిలో రాస్ సెలవు పెట్టి ఊటీ వెళ్లారు. అక్కడికి దగ్గర్లోని సిగూర్ ఘాట్ లోయలో మలేరియా ఎక్కువని విని, చూద్దామని దిగారు. మలేరియా సంగతులు అంతగా తెలిసిన డాక్టరు, జాగ్రత్తలు తీసుకుంటూనే వెళ్లారు. అయినా కొద్దిరోజులకే చలి, వణుకు, జ్వరం. మలేరియా ఆయన్నే పట్టుకుంది.

విహారానికి వెళ్లే ప్రతి కుటుంబం గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది. మంచం మీద దోమతెర కట్టుకుంటే అందులో ఉన్నంతసేపే కాపాడుతుంది. మలేరియా దోమ పొద్దు గుంకినప్పటినుంచే తిరుగుతుంది. అప్పటికి మనం ఆరుబయట కబుర్లు చెప్పుకుంటూ ఉంటాం. తెరలోకి వెళ్లే లోపే అది తన పని చేసుకుపోతుంది.

ఆ ప్రయాణంలో జ్వరంతో పాటు ఒక మేలూ జరిగింది. రెక్కల మీద చుక్కలున్న మరో రకం దోమ ఆయన కంటపడింది. గోడ మీద వాలితే ఒంటిని వాల్చి, తోక పైకెత్తి కూర్చునే దోమ. అదే అనాఫిలిస్. దాని అసలు సంగతి మాత్రం ఇంకో మూడు నెలలకు గానీ తెలియలేదు.

బేగంపేటలో ఆ ఆగస్టు

జూన్‌లో సికింద్రాబాద్ తిరిగొచ్చారు. బేగంపేటలోని సైనిక ఆసుపత్రిలో చిన్న గది. ఉక్కపోత చంపేస్తోంది. పంకా ఊపించుకుందామంటే ఆ గాలికి బల్ల మీది దోమల ముక్కలు ఎగిరిపోతాయి. అందుకే పంకా లేకుండానే కూర్చున్నారు. చెమట కారి మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయి. చూసి చూసి కళ్లు మసకబారాయి.

ఆగస్టు మధ్యలో మనుషులు తెచ్చిచ్చిన నీటి పురుగుల్లోంచి చుక్కల రెక్కల దోమలు కొన్ని పుట్టాయి. ఆసుపత్రిలో అప్పుడు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి ఉన్నారు. ఆగస్టు 16న ఆయన్ను దోమతెరలో పడుకోబెట్టి ఆ దోమలను లోపలికి వదిలారు. దోమకు అణా చొప్పున ఇస్తామని ఒప్పందం. ఒంట్లో జ్వరం, పైన దోమలు. కదలకుండా కుట్టించుకున్నారు హుసేన్ ఖాన్. తెర కట్టేది దోమ లోపలికి రాకూడదని. ఆ రోజు మాత్రం దోమ బయటకు పోకూడదని కట్టారు.

ఒక్కొక్క దోమనూ రోజుల తేడాతో కోస్తూ వచ్చారు రాస్. ఆగస్టు 20కి కొన్నే మిగిలాయి. ఆ రోజు కోసిన దోమ కడుపు గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో నల్లటి రేణువులున్నాయి. మలేరియా రోగి రక్తంలో కనిపించేలాంటి రేణువులే అవి. మర్నాడు ఇంకో దోమను కోస్తే అవే కణాలు, ఇంకాస్త పెద్దవిగా ఉన్నాయి. అంటే మలేరియా క్రిమి దోమ ఒంట్లో బతుకుతోంది, పెరుగుతోంది. రెండేళ్ల వెతుకులాట ఫలించింది. పట్టరాని సంతోషంతో రాస్ పద్యం రాసుకున్నారు. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుకునేది అందుకే.

ఈ సంగతి ఆ ఏడాది డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. కానీ అచ్చయ్యేలోపే రాస్‌ను రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. అక్కడ పరిశోధనకు మలేరియా రోగులే దొరకలేదు.

పిచ్చుకలు తేల్చిన నిజం

1898 మొదట్లో కలకత్తాకు వేశారు. అక్కడ చిన్న ప్రయోగశాల దొరికింది. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు తోడయ్యారు. దోమలు పట్టడం, పెంచడం, పిట్టలకు కుట్టించడం, ఈ చాకిరీలో ఆయన చెయ్యి చాలా ఉంది. మనుషుల మీద పని సాగే వీల్లేక రాస్ పిట్టల మలేరియాను పట్టుకున్నారు. ఆ జూలైలో దోమ లాలాజల గ్రంథుల్లో క్రిములు కనిపించాయి. అలాంటి దోమలు కుట్టిన ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలకు జబ్బు వచ్చింది. గాలి కాదు, నీరు కాదు, దోమ కాటే దారి అని తేలిపోయింది. మనిషి విషయంలోనూ ఇదే జరుగుతుందని, అనాఫిలిస్ దోమలోనే జరుగుతుందని అదే ఏడాది ఇటలీలో గ్రాసీ, ఆయన తోటివారు పూర్తిగా చూపించారు. ఘనత ఎవరిదన్న మీద రాస్‌కూ గ్రాసీకీ గొడవ జీవితాంతం నడిచింది. రాస్ కోపిష్టి, పంతం మనిషి. గురువు మాన్సన్‌తోనూ చివరికి చెడింది.

1902లో రాస్‌కు వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. 1911లో సర్ అయ్యారు. హుసేన్ ఖాన్‌కు దక్కినవి అణాలు. ఆయన పేరు ఈనాడు మనకు తెలుసంటే రాస్ తన రాతల్లో దాన్ని వదిలిపెట్టకుండా రాసిపెట్టడం వల్లే. పంతం మనిషే అయినా ఆ మాటలో మాత్రం న్యాయం చేశారు.

తొట్టి పాఠం ఇస్మాయిలియాలో

1899లో రాస్ ఇండియా వదిలి లివర్‌పూల్ చేరారు. ఆ తర్వాత ఆయన తపనంతా ఒకటే. కనిపెట్టినది జనానికి పనికి రావాలి. పశ్చిమ ఆఫ్రికాలోని సియెరా లియోన్ వెళ్లారు. ఊరూరా దోమల దళాలు పెట్టాలని, తొట్లు, గుంటలు, డబ్బాలు వెతికి ఖాళీ చేయించాలని పుస్తకం రాశారు. 1902లో సూయజ్ కాలువ కంపెనీ వాళ్లు ఆ కాలువ గట్టున ఉన్న ఇస్మాయిలియా ఊరికి పిలిపించుకున్నారు. కాలువ నీళ్లొచ్చాక ఆ ఊరికి మలేరియా పట్టుకుంది. మన డెల్టా ఊళ్లలాంటి కథే. గుంటలు పూడ్చారు, నీళ్లు పారేలా చేశారు, ఇంటింటి తొట్లు చూశారు. కొన్నేళ్లలోనే అక్కడ మలేరియా దాదాపు కనుమరుగైంది.

రాస్ లెక్కలు కట్టి ఇంకో మంచి మాట చెప్పారు. జబ్బు ఆగాలంటే ఊళ్లో ప్రతి దోమా చావనక్కర్లేదు. ఒక హద్దు కంటే తక్కువకు దించితే చాలు, జబ్బు తనంతట తానే తగ్గుముఖం పడుతుంది. ఎన్నని చంపుతాం అని చేతులెత్తేసే వాళ్లకు ఇది పెద్ద ధైర్యం.

మూడు దోమలు, మూడు వేళలు

రాస్ చేతికి దొరికిన ఆ మూడు రకాలూ ఇవాళ మన చుట్టూ ఉన్నాయి. విహారానికి వెళ్లేటప్పుడు ఈ తేడా తెలిస్తే సగం జాగ్రత్త తీసుకున్నట్టే.

చారల కాళ్ల ఈడిస్ పగటి దోమ. పొద్దున్న, మళ్లీ సాయంత్రం పొద్దు గుంకే ముందు ఎక్కువ కుడుతుంది. డెంగీ, చికున్‌గున్యా దీని పనే. పగలే కదా, దోమలెక్కడివి అనుకోవద్దు. చెట్ల నీడన ఆడుకునే పిల్లల కాళ్లే దీనికి కావాలి.

చుక్కల రెక్కల అనాఫిలిస్ పొద్దు గుంకినప్పటినుంచి తెల్లారేదాకా తిరుగుతుంది. ఇది మలేరియా దోమ. కాలువ అంచులు, వరి చేలు, నిలిచిన మంచినీళ్లు దీని పుట్టిళ్లు.

బూడిద రంగు క్యూలెక్స్ రాత్రి దోమ. మురుగు కాలువల్లో పుట్టేది బోదకాలు తెస్తుంది. వరి చేలల్లో పుట్టే దీని చుట్టాలు మెదడువాపు తెస్తాయి.

అందుకే బయలుదేరే ముందు వేళ చూసుకోండి. నీటి గట్టున కూర్చోవాలంటే పగలు కూర్చుని, మగ్రిబ్‌కు ముందే గాలి ఆడే ఎత్తైన చోటికి మారండి. దోమ గట్టి గాలికి ఎదురు ఎగరలేదు. బేగంపేటలో రాస్ వద్దనుకున్న పంకా మనకు మంచి నేస్తం. ఛార్జింగ్ ఫ్యాను ఉంటే పసిపిల్లల దగ్గర పెట్టండి.

బట్టలు లేత రంగువి, వదులుగా, చేతులూ కాళ్లూ నిండా కప్పేవి వేసుకోండి. బిగుతు బట్టల మీదుగా దోమ కుట్టేస్తుంది. డీట్ లేదా పికారిడిన్ ఉన్న దోమల క్రీమును బయట కనిపించే చర్మానికే రాయాలి. కళ్లకు, నోటికి, గాయాలకు తగలనివ్వొద్దు. పిల్లల అరచేతులకు రాయొద్దు, నోట్లో పెట్టుకుంటారు. రెండు నెలల లోపు పసికందులకు క్రీము వద్దు, తెర కప్పడమే మేలు. ఎండ క్రీము కూడా రాస్తే అది ముందు, దోమలది తర్వాత. వజూ చేస్తే ముఖానికి, చేతులకు, పాదాలకు రాసింది కడుక్కుపోతుంది. నమాజు అయ్యాక మళ్లీ రాసుకోవాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

లోబాన్ పొగ, వేపాకు పొగ కాసేపు దోమను దూరంగా ఉంచుతాయి. గాలి మారితే ఆ కాపుదల పోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు, చంటిపిల్లలకు పొగే చేటు. దాన్నే నమ్ముకోవద్దు. ఉర్సుకో, ఇజ్తెమాకో వెళ్లి ఆరుబయట పడుకునేవాళ్లు మందు పూసిన దోమతెర తీసుకెళ్లి, అంచులు చాప కిందికి దోపుకోండి.

తిరిగొచ్చాక వారం నుంచి నెల లోపు చలిజ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకోండి. ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకు చెప్పండి. డెంగీ కాదని తేలేదాకా జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా వేసుకోవద్దు.

ఇంటి దగ్గర దోమ తగ్గితే బయట కూడా భయం తగ్గుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. మన రాష్ట్రంలో శుక్రవారం డ్రై డే అని ప్రచారం చేసింది అందుకే. జుమాకు తయారయ్యే ముందు కూలరు, పూలకుండీల పళ్లేలు, డాబా మీది పాత టైర్లు, తొట్లు ఖాళీ చేసి ఆరబెడితే చాలు. మస్జిద్ హౌజ్‌లో నీళ్లు ఖాళీ చేయలేకపోతే దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపలు వదలమని మున్సిపాలిటీ వాళ్లను అడగొచ్చు.

చివరి రోజులు

రాస్ చివరి జీవితం సుఖంగా సాగలేదు. 1914 ఆగస్టులో, బ్రిటన్ మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగిన నెలలోనే, పెద్ద కొడుకు ఫ్రాన్స్ రణరంగంలో చనిపోయారు. 1926లో ఆయన పేరుతో లండన్‌లో రాస్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. 1927లో కలకత్తా వచ్చి, తాను పనిచేసిన ఆసుపత్రి దగ్గర తన పేరిట కట్టిన స్మారక ద్వారాన్ని చూసుకున్నారు. 1931లో భార్య రోజా పోయారు. మరుసటేడు, 1932 సెప్టెంబరు 16న రాస్ కూడా లండన్‌లో కన్నుమూశారు.

బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఇంకా ఉంది. హైదరాబాద్ వెళ్లినప్పుడు వీలైతే పిల్లలకు చూపించండి. అక్కడ నోబెల్ దాకా వెళ్లిన డాక్టరు ఉండేవారని చెప్పండి. ఆయన బల్ల మీది దోమ కడుపులో ఉన్నది హుసేన్ ఖాన్ రక్తమని కూడా చెప్పండి. అణా కోసం ఇచ్చినా, ఆ రక్తం రుణం లోకం ఇంకా తీర్చలేదు. ఇంట్లో తొట్టి బోర్లించిన ప్రతిసారీ మనం అందులో కాస్తంత తీర్చుకున్నట్టే.